అమ్మలూ, కొత్త కంప్యూటర్ సంగతి

రాజమహేంద్రవరం

చి.సౌ. అమ్మలుకు పెదనాన్న దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్ చేసిన రోజు షాపులో జనం ఉండి సరిగా మాట్లాడలేకపోయాను. ఇంటికి కంప్యూటర్ కొన్నాం, ఏ యాంటీవైరస్ వేసుకోవాలి అని అడిగావు. ఒక పేరు చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ఈ పాతికేళ్లలో వైరస్ పట్టి నా బల్ల మీదికి వచ్చిన కంప్యూటర్లలో చాలావాటిలో యాంటీవైరస్ ఉంది. అది ఎర్రగా చూపించి వద్దన్నా, మనిషే దాన్ని ఆపేసి వైరస్‌ను లోపలికి రానిచ్చాడు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారిని కూడా ఒకసారి చదవమను.

ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను. నీకు సగమే తెలుసు.

2019 వేసవిలో మీ అన్నయ్యకు వీడియోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చింది. కొనాలంటే ఖరీదు. నెట్‌లో వెతికితే క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా లైసెన్సు తాళం విరిచిన కాపీ, దొరికింది. దాంతోపాటు చిన్న సూచన కూడా ఉంది, ముందు యాంటీవైరస్ ఆపేయండి, లేకపోతే ఇది పనిచేయదు అని. షాపుకొచ్చే ప్రతివాళ్లకూ ఇలాంటివి వద్దని చెప్పే నేనే ఆ రోజు నా చేత్తో ఆపాను. అది ఇన్‌స్టాల్ అవుతుంటే వదిలేసి పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే ప్రతి ఫోటో పేరు చివరా కొత్త అక్షరాల తోక వచ్చి చేరింది. ఏదీ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్‌లో ఒక ఉత్తరం ఉంది: 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లో కడితే సగానికి, అంటే 490కి వదిలేస్తాం అని. ఇలా ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్‌లను రాన్సమ్‌వేర్ అంటారు. మాకు పట్టినదాన్ని స్టాప్ అనీ డీజేవూ అనీ పిలుస్తారట. అది ఎక్కువగా ఇళ్ల కంప్యూటర్లలోకి, ఇలాంటి క్రాకుల వెంటే వస్తుందని తర్వాత తెలిసింది.

నానమ్మ కార్తీకమాసంలో పాడుకునే పాటలు, మంగళహారతులు నేను రెండేళ్లపాటు ఓపిగ్గా రికార్డు చేసి పెట్టాను. అవన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. బ్యాకప్ లేదా అంటావేమో, ఉంది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో అన్నీ కాపీ చేసి ఉంచాను. కానీ ఆ రాత్రి ఆ డిస్క్ కంప్యూటర్‌కే తగిలించి ఉంది. దానికీ తాళం పడింది. డబ్బు కట్టలేదు. కట్టినా తాళంచెవి ఇస్తారన్న నమ్మకం లేదు, పైగా అది ఇంకో ఇంటిని దోచుకోవడానికి పెట్టుబడి అవుతుంది. యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, కొన్ని యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ అనే సైటులో కొన్ని రకాలకు తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి. మా ఫైళ్లకు పట్టేది దొరకలేదు. నానమ్మ గొంతు ఇప్పుడు మన దగ్గర ఒక్క పాటలోనే ఉంది. అదీ మీ అత్తయ్య ఫోన్‌లో ఉండబట్టి మిగిలింది.

అందుకని నీకు మొదట చెప్పేది బ్యాకప్ గురించే. ముఖ్యమైనవి మూడుచోట్ల ఉండాలి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, ఒకటి ఇంటి బయట. బయట అంటే గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో, లేదా మరో డిస్క్ మీ నాన్న దగ్గర పెట్టినా సరే. ఇంట్లో డిస్క్‌ను కాపీ చేసేటప్పుడే తగిలించి, అవగానే తీసి బీరువాలో పెట్టెయ్. తగిలించి వదిలేసిన డిస్క్‌ను నేను బ్యాకప్ అనను. నెలకోసారి ఒక రోజు పెట్టుకో, పౌర్ణమి అనుకుంటే గుర్తుంటుంది. కాపీ చేశాక రెండుమూడు ఫైళ్లు డిస్క్ నుంచే తెరిచి చూడు. సరిగా కాపీ కాని ఫైళ్లు పెట్టుకుని ఏడాదిపాటు నిశ్చింతగా ఉన్నవాళ్లను చూశాను.

ఇక నీ కంప్యూటర్. షాపతను అన్ని సాఫ్ట్‌వేర్లూ వేసి ఇచ్చాడని సంబరంగా చెప్పావు. నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే. విండోస్ లైసెన్సు బిల్లులో రాశాడో లేదో చూడు. రాయకపోతే అడుగు. సెట్టింగ్స్‌లో యాక్టివేటెడ్ అని కనిపించినంత మాత్రాన సరిపోదు. లైసెన్సు కొనకుండా యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో అలా చూపించేలా చేస్తారు. దాన్ని నడపడానికి మామూలుగా యాంటీవైరస్ ఆపుతారు. ఆపిన ఆ ఐదు నిమిషాల్లో ఇంకేం లోపలికి దిగిందో షాపతనికి కూడా తెలియదు. అతను చెడ్డవాడని కాదు, అడిగినవాళ్లందరికీ అలాగే వేసిస్తున్నాడు. నీది అలాంటిదైతే మొహమాటపడకు. లైసెన్సు కొని, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించిన విండోస్‌తో డిస్క్ మొత్తం చెరిపి మళ్లీ వేయించు. నాలుగు రోజులు వాడాక కంటే ఈ వారమే చేయడం సుళువు.

ఉచితంగా కావాలంటే నిజంగా ఉచితమైనవే ఉన్నాయి. ఉత్తరాలకూ లెక్కలకూ లిబ్రేఆఫీస్ చాలు. ఫోటోలకు గింప్ ఉంది. తెలుగు టైప్ చేయడానికి విండోస్‌లోనే ఫొనెటిక్ కీబోర్డు ఉంది, భాషల సెట్టింగ్స్‌లోకి వెళ్లి తెలుగు చేర్చుకుంటే సరి. ఆ రోజు మీ అన్నయ్యకు కావాల్సిన పని డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తోనే అయిపోయేది. ఆ సంగతి తెలిసి చాలా బాధపడ్డాను. దేన్నయినా తయారుచేసినవాళ్ల సొంత సైటు నుంచే దించుకో. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటనలు ఒక్కోసారి అదే పేరుతో నకిలీ సైటుకు తీసుకుపోతాయి, అడ్రసు ఒకసారి చదివి నొక్కు.

యాంటీవైరస్ విషయం. విండోస్‌తోపాటే వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది. డబ్బిచ్చి వేరేది కొనుక్కుంటే తప్పు లేదు, కానీ ఒక్కటే ఉండాలి. రెండు పెడితే ఒకదానికొకటి అడ్డుపడి కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, రియల్ టైమ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడు. అక్కడే రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఉంటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చెయ్. తెలియని ప్రోగ్రామ్‌లు నీ ఫోటోల ఫోల్డర్‌లో మార్పులు చేయకుండా ఆపుతుంది. మొదట్లో ఒకటి రెండు మంచి ప్రోగ్రామ్‌లను కూడా ఆపుతుంది, అప్పుడు వాటికి అనుమతి ఇవ్వు.

అప్‌డేట్ అడిగితే రేపు రేపు అని నెట్టేయకు. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ బయటపడి 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళం వేసింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లకు కూడా కొన్నిటికి తగిలింది. దానికి ఎవరూ ఏమీ నొక్కనక్కర్లేదు, నెట్‌వర్కులో తనంతట తానే పాకింది. అది దూరే కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14న విడుదల చేసింది. అంటే రెండు నెలల ముందే. అన్నట్టు, మీ నాన్న పాత కంప్యూటర్ ఇంకా విండోస్ 10 మీదే నడుస్తోంది. దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. 11కు మారే శక్తి దానికి ఉంటే మార్చమను. లేకపోతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేయించుకుని వార్తలు, సినిమాలు హాయిగా చూసుకోవచ్చు. అంతవరకు దాంట్లో బ్యాంకు పనులు చేయవద్దని నీ మాటగా చెప్పు, నేను చెబితే విసుక్కుంటాడు.

బుజ్జిగాడు ఎలాగూ ఆటలు దించుకుంటాడు. వాడికి వేరే అకౌంట్ తెరువు, స్టాండర్డ్ యూజర్‌గా. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉంచుకో. చాలావాటిని ఇన్‌స్టాల్ చేయాలంటే నిన్ను అడగాల్సి వస్తుంది. నీ రోజువారీ పనికి కూడా స్టాండర్డ్ అకౌంటే వాడుకుంటే మరీ మంచిది. తెర మసకబారి, ఈ ప్రోగ్రామ్‌ను మార్పులు చేయనివ్వాలా అని అడుగుతుంది చూడు, అది చాలా విలువైన ప్రశ్న. నేను ఇప్పుడు ఏదైనా మొదలుపెట్టానా అని నిన్ను నువ్వే అడుగు. పెట్టలేదంటే ‘నో’ నొక్కు. ఆటల్లో చీట్ కోడ్‌లంటూ వచ్చేవి దించవద్దని వాడికి కోప్పడకుండా చెప్పు. కోప్పడితే దాచేస్తాడు. ఏదైనా తప్పు నొక్కితే వెంటనే వచ్చి చెప్పే ధైర్యం పిల్లాడికి ఉండాలి, అది నాకు అన్ని సెట్టింగ్స్ కంటే ముఖ్యం.

మెయిల్‌లో వచ్చే ఫైళ్లు ఇంకో దారి. నా షాపు పెట్టి ఏడాది కాకముందు, 2000 మే నెలలో, ఐ లవ్ యూ అనే వైరస్ ఫిలిప్పీన్స్ నుంచి ప్రపంచమంతా తిరిగింది. చూడ్డానికి మామూలు టెక్స్ట్ ఫైలు, ప్రేమలేఖ. పేరు చివర అసలు ఉన్నది వీబీఎస్, అంటే నడిచే ప్రోగ్రామ్. ఆ చివరి అక్షరాలను విండోస్ దాచేస్తుంది కాబట్టి జనం మోసపోయారు. ఇన్నేళ్లయినా ఆ దాచే అలవాటు పోలేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, దాంట్లో షో, దాంట్లో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర టిక్ పెట్టు. కరెంటు బిల్లు పీడీఎఫ్ అని వచ్చినదాని పేరు చివర ఈఎక్స్ఈ కనబడితే అదీ ప్రోగ్రామే, ముట్టుకోకు. ఫోన్‌లో పెళ్లి శుభలేఖ అనీ చలానా అనీ వచ్చే ఏపీకే ఫైళ్లూ, అంటే ఫోన్‌లో యాప్ వేసే ఫైళ్లూ, ఇదే రకం. శుభలేఖ చూడటానికి యాప్ ఎందుకు?

ఈమధ్య కొత్తగా ఒక మోసం వచ్చింది, దీన్ని మాత్రం ఇంట్లో అందరికీ చెప్పు. ఏదో సైటు తెరవగానే, మీరు రోబో కాదని నిరూపించుకోండి అంటుంది. చూడ్డానికి మామూలు టిక్ పెట్టెలాగే ఉంటుంది. నొక్కాక, విండోస్ బటన్‌తో ఆర్ నొక్కండి, కంట్రోల్ వీ నొక్కండి, ఎంటర్ కొట్టండి అని చెబుతుంది. ఆ మూడూ చేశావంటే, అది నీకు తెలియకుండా కాపీ చేసి ఉంచిన ఆదేశాన్ని నీ చేతులతోనే నడిపినట్టు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులను అక్కడికక్కడే ఊడ్చుకుపోయే రకాలు దీని వెంట వస్తాయి. నిజమైన పరీక్ష ఏదీ కీబోర్డులో ఇలా నొక్కమని అడగదు. అడిగిందంటే ట్యాబ్ మూసెయ్.

మీ అత్తగారు ఒంటరిగా కూర్చున్నప్పుడు తెరంతా ఎర్రబడి, సైరన్ మోగి, మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని రావచ్చు. అది వట్టి వెబ్ పేజీ. పెద్దవాళ్లు ఆ చప్పుడుకే హడలిపోతారు. ఎస్కేప్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, పేజీ చిన్నదయ్యాక మూసేయొచ్చు. ఏమీ తోచకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేసినా కొంప మునగదని ఆవిడకు నచ్చజెప్పు. ఆ నంబరుకు మాత్రం చేయకూడదు. చేస్తే ఎనీడెస్క్ లాంటిది వేయించి, కంప్యూటర్‌ను వాళ్ల చేతుల్లోకి తీసుకుంటారు. నీకు ఏదైనా బాగుచేయాల్సి వచ్చినా, నువ్వు ఫోన్ చేస్తేనే నేను అలాంటిది వాడమంటాను. నా పేరు చెప్పి ఎవరైనా మెసేజ్ పెడితే నమ్మకు.

జిరాక్స్ షాపుకు పెన్‌డ్రైవ్ తీసుకెళ్లే అలవాటు మన అందరిదీ. రోజుకు వందమంది పెన్‌డ్రైవ్‌లు దూరే కంప్యూటర్ అది. ఇంటికొచ్చి పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపిస్తాయి, అసలువి దాక్కుంటాయి. కంగారులో ఆ షార్ట్‌కట్ నొక్కితే వైరస్ మన దాంట్లోకి వస్తుంది. ప్రింటుకు వేరే ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టుకో, లేదా షాపుకు మెయిల్ చెయ్. వాళ్ల కంప్యూటర్‌లో నీ వాట్సాప్ తెరిస్తే లాగౌట్ చేసేదాకా కదలకు.

ఇంత జాగ్రత్తపడ్డా ఏదో ఒక రోజు జరగవచ్చు. ఫైళ్ల పేర్లు మారిపోతుంటే వైఫై ఆపి, తగిలించినవన్నీ పీకేసి, కంప్యూటర్ ఆపెయ్. పాస్‌వర్డులు పోయాయని అనుమానమొస్తే, వేరే ఫోన్ నుంచి ముందు మెయిల్‌ది, తర్వాత బ్యాంకుది మార్చు. ఆ కంప్యూటర్ నుంచే మారిస్తే కొత్తది కూడా వాళ్లకు అందుతుంది. మెయిల్‌కు రెండంచెల లాగిన్, అంటే పాస్‌వర్డుతోపాటు ఫోన్‌లో ఇంకో రుజువు కూడా అడిగేది, ఇవాళే పెట్టుకో. డబ్బు పోతే ఎవరినీ తిట్టుకుంటూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. నాకు ఏ రాత్రి చేసినా ఎత్తుతాను.

దసరాకు మేమిద్దరం వస్తున్నాం. నీకోసం ఒక హార్డ్‌డిస్క్ కొని ఉంచాను, ఒక టెరాబైట్‌ది. దాంట్లో నానమ్మ పాట ముందే వేశాను. వచ్చాక మిగతావి ఇద్దరం కూర్చుని కాపీ చేద్దాం. తాళం పడిన ఆ పాత ఫైళ్లు కూడా నా దగ్గర విడిగా ఒక డిస్క్‌లో ఉన్నాయి, పారేయలేదు. ఎప్పటికైనా వాటి తాళంచెవి బయటికి వస్తుందేమోనని అప్పుడప్పుడు ఆ సైటు తెరిచి చూస్తూనే ఉన్నాను.

అల్లుడుగారికి నమస్కారాలు, బుజ్జిగాడికి ముద్దులు.

ఆశీస్సులతో,
పెదనాన్న