సింహాచలం రాయిలో ఎర్ర గింజలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(ఈ నెల ఉత్తరాల్లో రాళ్లకు సంబంధించినవే ఎక్కువ. విశాఖలో చాలాకాలం భూవిజ్ఞానం పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరర్ జవాబిస్తున్నారు.)

ప్రశ్న: మా ఇల్లు అడవివరంలో. ప్రహరీ గోడకి పునాది తీస్తుంటే వచ్చిన రాళ్లలో ముదురు ఎరుపు గింజలు పొదిగినట్టు ఉన్నాయి. కొన్ని శనగ గింజంత ఉన్నాయి. మా ఎదురింటాయన ఇవి రాయిగా మారిన చేప గుడ్లని, ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేదని అంటున్నారు. వీటిని మ్యూజియానికి ఇవ్వాలా?
– ఒక గృహిణి, అడవివరం

జవాబు: సముద్రం సంగతి ఆయన సరిగ్గానే చెప్పారమ్మా. గుడ్ల సంగతే కాదు. అవి గార్నెట్లు, అంటే ఒక రకం ఖనిజం గింజలు.

సింహాచలం కొండ, కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్... విశాఖ చుట్టూ కనిపించే కొండల్లో ఎక్కువ భాగం ఖొండలైట్ అనే రాయి. ఒడిశా కొండల్లో ఉండే ఖోండు తెగవాళ్ల పేరే దానికి పెట్టారు. కోణార్క్ గుడి కట్టింది కూడా ఈ రాయితోనే. మీ దగ్గరున్న ముక్కని సుత్తితో కొట్టి, ఎండ తగలని లోపలి భాగం చూడండి. గార్నెట్ల పక్కన తెల్లటి పీచులా కనిపించేది సిల్లిమనైట్ అనే ఇంకో ఖనిజం. అక్కడక్కడా నల్లగా మెరిసే రేకులుండి, వేలితో రుద్దితే మసి అంటితే అది గ్రాఫైట్, అంటే మన పెన్సిల్లో ఉండేదే.

ఈ రాయి మొదట బంకమట్టి. సముద్రం అడుగున పేరుకున్న ఆ మట్టి, భూఫలకాలు ఒకదాన్నొకటి నెట్టుకున్నప్పుడు పాతిక, ముప్పై కిలోమీటర్ల లోతుకి దిగిపోయింది. అక్కడి వేడి చాలాచోట్ల 900 డిగ్రీలు దాటింది. ఇటుక బట్టీలో వేడి కూడా ఇంచుమించు అంతే. కాకపోతే బట్టీ కొన్ని రోజుల్లో చల్లారిపోతుంది. ఇక్కడ కోట్ల సంవత్సరాలు, పైన అంత మందం రాతి బరువు కింద నొక్కుకుపోతూ ఉడికింది. మట్టిలోని ఇనుము, అల్యూమినియం, సిలికా విడిపోయి కొత్తగా కూడితే ఈ ఎర్ర గింజలు పుట్టాయి. తర్వాత పైనున్నదంతా కొట్టుకుపోయి, లోతుల్లో ఉన్నది మన కళ్ల ముందుకొచ్చింది.

ఇంత వేడిలో ఏ గుడ్డూ, ఏ గవ్వా మిగలదు. అసలు అప్పటికి చేపలే లేవు. ఆ ఉడుకు జరిగింది సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం. వెన్నెముక ఉన్న మొదటి జీవులు వచ్చింది 50 కోట్ల ఏళ్లకి కాస్త అటూ ఇటూ. ఆ నాటి సముద్రాల్లో ఉన్నదల్లా బ్యాక్టీరియా, ఒంటి కణం జీవులు, నాచు. కెనడా ఉత్తర కొసన దొరికిన ఒక ఎర్ర నాచు శిలాజం వయసు దాదాపు 105 కోట్ల సంవత్సరాలు. అప్పటి జీవుల్లో ముందు వరసలో ఉన్నది అదే అనుకోండి.

జీవం జాడ మీ రాయిలో ఏమైనా ఉంటే అది గ్రాఫైట్‌లోనే. తూర్పు కనుమల గ్రాఫైట్‌లో కొంత భాగం ఒకప్పటి జీవపదార్థం నుంచి వచ్చిందని కార్బన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువుల) నిష్పత్తి చెబుతోంది. నాకైతే గార్నెట్ కంటే ఆ మసే ముచ్చటగా ఉంటుంది. అందరూ ఎర్ర గింజల్నే ఏరుకుంటారు, ఏం చేస్తాం!

అంత పాత జీవాన్ని కంటితో చూడాలంటే కడప జిల్లా వేంపల్లె వైపు వెళ్లాలి. అక్కడి డోలమైట్ రాయి దాదాపు 190 కోట్ల సంవత్సరాల నాటిది. మన కొండలు ఉడకడానికి ఎంతో ముందే పుట్టినా, అది ఇంత వేడి ఎరగదు. అందుకే సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుమ్మటాలు, స్ట్రొమటోలైట్లు, అందులో చెక్కుచెదరకుండా ఉన్నాయి. మనం పీల్చే ఆక్సిజన్‌ని మొదట గాల్లోకి వదిలింది ఈ జాతి జీవులే.

మ్యూజియానికి ఇవ్వక్కర్లేదు. విశాఖలో వీటికి కొదవ లేదు. ఆర్కే బీచ్‌లో అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద మిగిలే ఎర్రటి చార కూడా చాలావరకు గార్నెట్లే. పక్కన నల్లగా ఉండేది ఇల్మనైట్ అనే ఇనుప ఖనిజం.

ప్రశ్న: మన కొండల వయసు వంద కోట్ల ఏళ్లని ఎక్కడో చదివాను. కార్బన్ డేటింగ్‌లో అంత కచ్చితంగా తెలుస్తుందా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, అక్కయ్యపాలెం

జవాబు: తెలియదు. కార్బన్ డేటింగ్‌కీ కొండకీ సంబంధమే లేదు. పేపర్లలో ఏది పాతదైనా కార్బన్ డేటింగ్ చేశారని రాసేస్తారు, చదివిన ప్రతిసారీ నాకు బీపీ పెరుగుతుంది. అందులో కొలిచే కార్బన్–14 అనే రేడియోధార్మిక కార్బన్ సగానికి తగ్గడానికి 5,730 ఏళ్లు చాలు. 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. అది ఎముకలకి, కర్రకి, బొగ్గుకి పనికొస్తుంది.

రాయికి వాడేది జిర్కాన్ అనే చిన్న స్ఫటికం. అది పుట్టేటప్పుడు యురేనియంని లోపలికి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. కాబట్టి ఇప్పుడు అందులో ఉన్న సీసం అంతా ఆ యురేనియం క్షయమై తయారైనదే. యురేనియం–238 సగం కావడానికి 447 కోట్ల సంవత్సరాలు, యురేనియం–235కి 70 కోట్లు. రెండు లెక్కలూ విడివిడిగా వేసి, ఒకే వయసు వస్తేనే నమ్ముతారు. ఖొండలైట్‌లో ఇంకో తమాషా ఉంది. ఒకే జిర్కాన్ గింజలో మధ్య భాగం ఒక వయసు, అంచు మరో వయసు చూపిస్తాయి. మధ్య భాగం అంతకు ముందెప్పుడో నది మోసుకొచ్చినది, అంచు ఉడికినప్పుడు పెరిగినది. మీరు చదివిన వంద కోట్లు ఆ అంచు వయసు. కొండ ఇప్పుడున్న రూపం వయసు మాత్రం కాదు.

భూమి వయసు 454 కోట్ల ఏళ్లన్నది భూమి మీది రాయిని కొలిచి చెప్పింది కాదు. మొదటి రాళ్లన్నీ కరిగి మళ్లీ మళ్లీ మారిపోయాయి. 1956లో అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్, భూమితో పాటే పుట్టిన ఉల్కల్లోని సీసాన్ని కొలిచి 455 కోట్లని తేల్చాడు. ఆ అంకె ఇప్పటికీ పెద్దగా మారలేదు.

ప్రశ్న: సార్, వైజాగ్, అంటార్కిటికా ఒకప్పుడు అతుక్కుని ఉండేవని మా ఫ్రెండ్ పందెం కాసింది. నిజమేనా?
– ఇంటర్ విద్యార్థిని, గాజువాక

జవాబు: పందెం డబ్బులు ఇచ్చెయ్యమ్మా. మన తూర్పు కనుమల్లో ఉన్న ఖొండలైట్, చార్నొకైట్ లాంటి రాళ్లే తూర్పు అంటార్కిటికాలో రేనర్ అనే ప్రాంతంలోనూ ఉన్నాయి. అవి ఉడికిన కాలం కూడా కలుస్తోంది. ఒడిశాలో మహానది పారే పల్లం, అటువైపు లాంబర్ట్ హిమానీనదం ఉన్న పల్లం ఒకప్పుడు ఒకే పగులని చాలామంది భూవిజ్ఞానులు అంటారు. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం చీలిక మొదలైంది. ఆ సందులో పుట్టిన సముద్రమే మీ గాజువాకకి కూతవేటు దూరంలో ఉన్న బంగాళాఖాతం. మన దేశం అంటార్కిటికాలో 2012లో మొదలుపెట్టిన భారతి పరిశోధన కేంద్రం లాంబర్ట్ వైపే, లార్స్‌మన్ హిల్స్‌లో ఉంది.

ప్రశ్న: ఎర్రమట్టి దిబ్బల్ని తవ్వితే డైనోసార్ ఎముకలు దొరుకుతాయా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: దొరకవు. దయచేసి తవ్వకండి. 2014లో వాటిని జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. డైనోసార్లు పోయింది 6.6 కోట్ల ఏళ్ల క్రితం. ఈ దిబ్బలు చాలావరకు గత కొన్ని పదుల వేల ఏళ్లలో పేరుకున్నవి. చివరి మంచు యుగంలో, దాదాపు 20 వేల ఏళ్ల క్రితం, సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా దిగిపోయింది. అలా బయటపడ్డ ఇసుకని గాలి ఎగరేసుకొచ్చి కుప్ప పోసింది. తర్వాత అందులోని ఇనుప ఖనిజాలు తుప్పు పట్టి ఆ ఎరుపు వచ్చింది. ఆ ఇసుకలో మన గార్నెట్లూ ఉన్నాయి.

తెలుగు నేల మీద డైనోసార్ కావాలంటే గోదావరి లోయకి వెళ్లాలి. ఇప్పటి తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకి 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి కోటసారస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లండి.