క్లర్కుగా చేరితే యుద్ధానికి పంపరా?

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఎంపీసీ 81 శాతంతో పాసయ్యాడు. మొన్ననే 18 నిండాయి. ఇంజినీరింగ్ వద్దట, అగ్నివీర్‌కు వెళ్తాడట. తెల్లవారుజామున నాలుగింటికే లేచి హైవే మీద పరుగు పెడుతున్నాడు. వాళ్ల నాన్న సరేనన్నారు. నాకు మాత్రం ఆపరేషన్ సిందూర్ అప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు. క్లర్కుగానో టెక్నికల్‌లోనో చేరితే యుద్ధంలోకి పంపరని మా తమ్ముడు అంటున్నాడు. నిజమేనా మేడం? వీణ్ని ఎలా ఆపాలో కూడా చెప్పండి.
– ఒక తల్లి, గిద్దలూరు

జవాబు: మీ తమ్ముడు మీకు ధైర్యం చెప్పడానికి అని ఉంటారు గానీ, అది నిజం కాదమ్మా. సైన్యంలో క్లర్కు కూడా ముందు సైనికుడే. రైఫిల్ పట్టడం నేర్పాకే కుర్చీ ఇస్తారు. యూనిట్ ఎటు కదిలితే అతనూ అటే. ముందు వరస, వెనక వరస అనే తేడా కూడా ఇప్పటి యుద్ధాల్లో బాగా చెరిగిపోయింది. 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర పాకిస్థాన్ కాల్పుల్లో చనిపోయిన మురళీ నాయక్ మీకు గుర్తుండే ఉంటాడు. శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా అబ్బాయి, అగ్నివీరే. పనిచేసింది ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో. ఆ ముందు రాత్రి లేహ్ నుంచి సర్ క్రీక్ దాకా 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు వచ్చాయని మన అధికారులే చెప్పారు. పైనుంచి వచ్చే డ్రోన్‌కి కింద ఉన్నది క్లర్కో వంటమనిషో ఏం తెలుస్తుంది? ఉక్రెయిన్‌లో తిండి, మందుగుండు మోసే బండ్ల కోసం రోడ్ల పైన చేపల వలలు పందిరిలా కట్టుకుంటున్నారు, డ్రోన్లు వాటిలో చిక్కుకుంటాయని. చైనా సరిహద్దులో ఉన్న గల్వాన్‌లో దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. 2020 జూన్ 15 రాత్రి అక్కడ తుపాకీ పేలకుండానే రాళ్లతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో చైనా సైనికులతో జరిగిన కొట్లాటలో సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబుతో కలిపి మనవాళ్లు 20 మంది పోయారు. కాబట్టి ఏ ట్రేడ్, అంటే ఏ పని విభాగం చూసుకున్నా పూచీ లేదు. బాబుకు నచ్చిన ట్రేడ్ ఎంచుకోనివ్వండి, మీ భయానికి నచ్చినది కాదు.

ఇక ఆపడం సంగతి. నేను మీ వైపు ఒక మాట, బాబు వైపు ఒక మాట చెప్తాను. మా తమ్ముడు సైన్యంలోని సమాచార విభాగం, సిగ్నల్స్‌లో 17 ఏళ్లు చేశాడు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత సైన్యంలో పెద్ద భాగాన్ని సరిహద్దుకు తరలించారు, ఆపరేషన్ పరాక్రమ్ అంటారు. వీడు జైసల్మేర్ వైపు. ఇవాళ యుద్ధం, రేపు యుద్ధం అనుకుంటూ దాదాపు పది నెలలు ఇసుకలో కూర్చున్నారు. యుద్ధం రాలేదు. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు చూడాలి వాణ్ని. కంచంలో అన్నం కలిపాడంటే మూడు నిమిషాలు. అమ్మ పెరుగు గిన్నె తెచ్చేలోపు చెయ్యి కడిగేసుకునేవాడు. "ఎవరు తరుముతున్నార్రా?" అని అమ్మ ఒకటే గొడవ. రాత్రి రెండింటి నుంచి నాలుగింటి డ్యూటీ అన్నిటికన్నా పాడుదని చెప్పేవాడు. కళ్లు చీకట్లోకి పెట్టి, ఆ కదిలింది నక్కా మనిషా అని చూస్తూ చూస్తూ, చివరికి ఏమీ జరగకుండానే తెల్లారుతుందట. సైనికుడి రోజుల్లో ఎక్కువ భాగం ఇదే. రీల్స్‌లో ఇది ఎవరూ పెట్టరు, పెట్టినా ఎవరు చూస్తారు?

అందుకే బాబుకు నేను చెప్పేది: సినిమాలు, వీడియోలు పక్కన పెట్టి, మీ ఊళ్లోనో కంభంలోనో రిటైరైన హవల్దార్‌ని ఒకరిని పట్టుకోమనండి. టీ కొట్టు దగ్గర కథలు చెప్పే ఆయన్ని కాదు. ఏదో బ్యాంకు గుమ్మం దగ్గర సెక్యూరిటీగా నిలబడి, అడిగితే తప్ప నోరు విప్పని ఆయన్ని. ఇంటికి ఫోన్ చేయడం కుదరని రోజుల్లో ఏం చేసేవారు, పక్కవాడు పోయాక మర్నాడు డ్యూటీకి ఎలా వెళ్లారు, రిటైరయ్యాక నిద్ర సరిగ్గా పట్టడానికి ఎన్నాళ్లు పట్టింది, ఇవి అడగమనండి. విన్నాక కూడా వెళ్తానంటే ఆపకండి. సియాచిన్‌లో 2016 ఫిబ్రవరిలో సోనమ్ పోస్టు మీద మంచు చరియ విరిగిపడి మద్రాస్ రెజిమెంట్ వాళ్లు పది మంది పోయారు. అక్కడ శత్రువు తూటా ఒక్కటీ లేదు. ఇది తెలిసి వెళ్లేవాడికీ తెలియక వెళ్లేవాడికీ చాలా తేడా ఉంటుంది.

మీ ఉత్తరంలో ఎక్కడా లేని భయం ఒకటి నాకుంది. ఐదో ఏడు. అగ్నివీర్ నాలుగేళ్ల ఉద్యోగం. మొదటి ఏడు నెలకు 30 వేలు, చేతికొచ్చేది 21 వేలు. నాలుగో ఏడు 40 వేలలో చేతికి 28 వేలు. కోసుకున్న 30 శాతానికి ప్రభుత్వం అంతే కలిపి, బయటికొచ్చేటప్పుడు వడ్డీతో సుమారు 11.71 లక్షలు సేవానిధిగా ఇస్తుంది. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. పర్మనెంట్‌గా ఉంచుకునేది 25 శాతం మందినే. ప్రాణం పోతే 48 లక్షల బీమా ఉంది, డ్యూటీ కారణంగా పోతే మరో 44 లక్షలు ఇస్తారు. రెగ్యులర్ జవాను కుటుంబానికి నెలనెలా వచ్చే పెన్షన్ మాత్రం రాదు. మీ వారు సరేననే ముందు ఈ లెక్క చూశారా? 22 ఏళ్లకు చేతిలో పదకొండు లక్షలు, ఇంటర్ సర్టిఫికెట్‌తో తిరిగొచ్చే కుర్రాడు ఏం చేయాలన్నది ఇప్పుడే ఆలోచించాలి. కేంద్ర సాయుధ బలగాల్లో మాజీ అగ్నివీరులకు 2022లో 10 శాతం కోటా ప్రకటించారు. ఇగ్నో వాళ్లు అగ్నివీరుల కోసం ప్రత్యేక డిగ్రీ పెట్టారు, శిక్షణకే సగం క్రెడిట్లు వస్తాయి. చేరిన ఏడాదే అందులో పేరు రాయించుకోవాలి, ఆఖరి ఏడు కాదు.

ఇదంతా చెప్పాక అసలు ప్రశ్న నాది: ఎంపీసీ చదివి 81 శాతం తెచ్చుకున్న పిల్లాడు ఎన్‌డీఏ, అంటే ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష ఎందుకు రాయట్లేదు? కోర్సు మొదలయ్యే నాటికి పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర లోపు వయసు కావాలి. అంటే బాబుకు ఇంకా టైముంది, కానీ ఎక్కువ లేదు. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. లెక్కలకు 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకి ఐదు రోజులు, దానికి 900. అక్కడ లెక్కలు కాదు, మనిషిని చూస్తారు. నాలుగింటికి లేచి పరుగెత్తేవాడికి అది కలిసొస్తుంది. సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్ నుంచి ఎన్‌డీఏకి వెళ్లినవారే. ఇంగ్లిష్ తడబడుతోందా? ఆరు నెలలు కష్టపడితే దారిలోకొస్తుంది. ప్రమాదం ఆఫీసరుకు తక్కువని ఈ దారి చెప్పట్లేదు, గల్వాన్ గుర్తుందిగా. జీతం, పదవి, వయసుడిగాక బతుకు, ఈ మూడూ మారిపోతాయని.

రెండూ రాయొచ్చు, ఒకటి రాస్తే ఇంకొకటి పోదు. అగ్నివీర్ ఆన్‌లైన్ పరీక్ష ఇప్పుడు తెలుగులోనూ ఉంది. రాత పరీక్ష నెగ్గాక గ్రౌండ్. అక్కడ 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో లాగితే 60 మార్కులు, పది పుల్‌అప్స్‌కి 40. హైవే మీద పరుగు మాన్పించండి, ఆ చీకట్లో లారీలతో నాకే భయమేస్తోంది. తారు మీద రోజూ పరుగెత్తితే పిక్కల ముందు ఎముక నొప్పి రావచ్చు, కాలేజీ గ్రౌండ్‌కి పంపండి. మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, చదును పాదాలు, చెవి సమస్యలు, వీటితో మెడికల్‌లో వెనక్కొచ్చిన పిల్లలు నా దగ్గరికి ఏటా వస్తారు. ముందే ఒకసారి ఆసుపత్రిలో చూపించండి.

మీ నిద్ర సంగతి కూడా వదిలేయకండి. టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులడగరు. వచ్చేసారి రాసేటప్పుడు బాబు 1600 మీటర్లు ఎంతలో పూర్తి చేస్తున్నాడో, హవల్దార్ గారు ఏమన్నారో రాయండి.