ఎమ్మెస్సీ ఆల్జీబ్రా, ఫంక్షనల్ అనాలిసిస్‌లో ఇంకా కొత్తగా చేయడానికి ఏమైనా మిగిలిందా?

అడిగిన ప్రశ్న ఇది: "ఎమ్మెస్సీ మ్యాథ్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, ఫంక్షనల్ అనాలిసిస్ రెండూ ఇష్టమే. కానీ సిలబస్ అంతా మా తాతల కాలం నాటి సరుకులా ఉంది. వీటిలో ఇప్పుడు రీసెర్చ్ అంటే ఏం చేస్తారు? పీహెచ్‌డీకి రెండిట్లో ఏది మంచిది?"

నేను పీహెచ్‌డీ చేయలేదు, ముందే చెప్పేస్తున్నా. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ని. కానీ ఒకసారి పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్ళి బోర్డు దగ్గర నిలబడిపోయిన అనుభవం ఉంది. మీ ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుంది.

ప్యానెల్‌లో ఒకాయన అడిగారు: "సర్కిల్ మీద కంటిన్యూయస్ ఫంక్షన్ ఒకటి ఉంది. దాని స్క్వేర్ మళ్ళీ అదే. ఆ ఫంక్షన్ ఏమిటి?" తేలికే. ప్రతి పాయింట్ దగ్గరా విలువ 0 గానీ 1 గానీ అవ్వాలి. సర్కిల్ ఒకే ముక్క కాబట్టి మధ్యలో 0 నుంచి 1కి దూకడం కుదరదు. అంతటా 0, లేదా అంతటా 1. టకటకా చెప్పేశాను. "బాగుంది. ఇప్పుడు ఇదే విషయాన్ని ఒక గ్రూప్ గురించిన వాక్యంగా చెప్పు" అన్నారు. నాకు ఆ మాటే అర్థం కాలేదు. ఆల్జీబ్రా పేపర్ ఒకటి, అనాలిసిస్ పేపర్ ఒకటి, రెండిటికీ వేర్వేరు నోట్సు రాసుకుని పాసైన బాపతు నేను.

ఆయన అడిగింది గ్రూప్ రింగ్ గురించి. ఒక గ్రూప్ (ఏ రెండు మెంబర్లనైనా కలపగల, ప్రతి మెంబరుకీ విలోమం ఉన్న సమితి) తీసుకోండి. దాని మెంబర్లకు గుణకాలు తగిలించి కూడికలు రాయండి, బహుపదులను గుణించినట్టే గుణించండి. అదే గ్రూప్ రింగ్. పూర్ణాంకాల గ్రూప్ తీసుకుంటే ఎక్స్ ఘాతాలతో, రుణ ఘాతాలతో సహా, రాసిన బహుపదులు వస్తాయి. ఎక్స్‌ని సర్కిల్ మీద తిరిగే బిందువు అనుకుంటే ఆ బహుపదులన్నీ సర్కిల్ మీద ఫంక్షన్లు. వాటికి లిమిట్లన్నీ కలుపుకుంటే సర్కిల్ మీద కంటిన్యూయస్ ఫంక్షన్లన్నీ వచ్చేస్తాయి. ఆల్జీబ్రా వాళ్ళ రింగ్, అనాలిసిస్ వాళ్ళ సీ-స్టార్ ఆల్జీబ్రా (లిమిట్లు కూడా కలుపుకున్న ఆపరేటర్ల రింగ్) ఒకే ఇంటికి రెండు వాకిళ్ళన్నమాట. సర్కిల్ ఒకే ముక్కగా ఉండటానికి కారణం, పూర్ణాంకాల్లో 0 తప్ప ఏ మెంబరూ ఎన్నిసార్లు కూడినా మళ్ళీ సున్నాకి రాకపోవడం. ఇలాంటి గ్రూపుల్నే టార్షన్ ఫ్రీ అంటాం. దానికి భిన్నంగా రెండే మెంబర్ల గ్రూప్ తీసుకుంటే సర్కిల్ స్థానంలో రెండు విడి చుక్కలు వస్తాయి. అక్కడ స్క్వేర్ చేసినా మారనివి కొత్తవి పుట్టేస్తాయి: ఆ రెండు మెంబర్లు 1, జి అనుకుని, కలిపి సగం చేసి స్క్వేర్ చేసి చూడండి, మళ్ళీ అదే వస్తుంది.

సరే, ఇక కొత్త రీసెర్చ్ సంగతి. అర్వింగ్ కప్లాన్‌స్కీ అనే గణితవేత్త పేరు మీద మూడు ప్రశ్నలున్నాయి. మూడూ టార్షన్ ఫ్రీ గ్రూపుల గురించే, గుణకాలు ఏదో ఒక ఫీల్డ్ (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అన్నీ కుదిరే సంఖ్యల వ్యవస్థ) నుంచి. ఆ గ్రూప్ రింగ్‌లో స్క్వేర్ చేసినా మారనివి 0, 1 మాత్రమేనా? సున్నా కాని రెండిటిని గుణిస్తే సున్నా ఎప్పటికీ రాదా? విలోమం ఉన్నవి ఒకే ఒక్క పదం ఉన్నవేనా? ఈ మూడోది నిజమైతే రెండోది నిజం, రెండోది నిజమైతే మొదటిది నిజం. మూడో ప్రశ్న కప్లాన్‌స్కీ కంటే పాతది, గ్రాహమ్ హిగ్మన్ 1940లోనే తన థీసిస్‌లో ఎత్తాడు.

పూర్ణాంకాల గ్రూప్‌లో మూడోది ఎందుకు నిజమో మీరే చెప్పగలరు. పెద్ద ఘాతం పెద్ద ఘాతాన్ని గుణించి ఒక కొసన మిగులుతుంది, చిన్నది చిన్నదాన్ని గుణించి ఇంకో కొసన మిగులుతుంది. రెండు కొసలూ మిగిలితే లబ్ధం 1 ఎలా అవుతుంది? ఇక్కడో చిన్న చిత్రం. 2 + ఎక్స్‌కి బహుపదుల్లో విలోమం లేదు, కానీ సర్కిల్ మీద ఫంక్షన్‌గా అది ఎక్కడా సున్నా కాదు కాబట్టి అనాలిసిస్ వైపు విలోమం ఉంది. అందుకే మూడో ప్రశ్న పూర్తిగా ఆల్జీబ్రా వాళ్ళది. మొదటి ప్రశ్నను మాత్రం రెండు వైపుల నుంచీ అడగవచ్చు. అనాలిసిస్ వైపు దాన్ని కాడిసన్-కప్లాన్‌స్కీ కంజెక్చర్ (ఇంకా రుజువు కాని ఊహ) అంటారు. ఫ్రీ గ్రూపులకు (జనకాల మధ్య ఏ సంబంధమూ లేనివి) అది నిజమని పిమ్స్‌నర్, వోయికులెస్కు 1982లో చూపించారు. బౌమ్-కాన్ కంజెక్చర్ అని గ్రూప్ జ్యామితినీ దాని సీ-స్టార్ ఆల్జీబ్రానీ కలిపే పెద్ద ఊహ ఒకటుంది; ఏ టార్షన్ ఫ్రీ గ్రూప్‌కి అది రుజువైందో ఆ గ్రూప్‌కి ఇది దానంతట అదే వచ్చేస్తుంది. టార్షన్ ఫ్రీ గ్రూపులన్నిటికీ మాత్రం ఇప్పటికీ ఎవరూ రుజువు చేయలేదు.

మూడో ప్రశ్న 2021 ఫిబ్రవరిలో పడిపోయింది. అప్పట్లో జర్మనీలో మున్‌స్టర్ యూనివర్సిటీలో ఉన్న జైల్స్ గార్డమ్ ఒక ఆన్‌లైన్ ఉపన్యాసంలో కౌంటర్ ఎగ్జాంపుల్ బయటపెట్టాడు. గుణకాలు 0, 1 మాత్రమే. ఇరవై ఒక్క పదాలున్న ఒక కూడిక, దానికి ఇరవై ఒక్క పదాల విలోమం. పేపర్ అదే ఏడాది అనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో వచ్చింది. ఎనభై ఏళ్ళ ప్రశ్నకు జవాబు ఒక్క పేజీలో రాసేయొచ్చు!

నేను దాన్ని ఆ ఏడాది మే నెలలో, సెకండ్ వేవ్‌లో ఇంట్లో కూర్చుని చదివాను. సెకండ్ వేవ్ టెన్షన్‌లో ఇంకేం తోచక, చేత్తో సరిచూద్దామనుకున్నా. అందులోని గ్రూప్ బొమ్మగా ఊహించుకోవడానికి వీలైనదే. ఎ అంటే ఒక అక్షం చుట్టూ సగం చుట్టు తిరుగుతూ ఆ అక్షం వెంబడి ముందుకు జరగడం, స్క్రూ తిప్పినట్టు. బి ఇంకో దిశలో అలాంటిదే. రెండుసార్లు ఎ చేస్తే తిరగడం పోయి జరగడం మాత్రమే మిగులుతుంది, దాని పేరు ఎక్స్. బి రెండుసార్లయితే వై, ఎబి రెండుసార్లయితే జెడ్. మూడు దిశల్లో మూడు జరుగుళ్ళు. ఒక దిశలో సగం చుట్టు తిరిగితే మిగతా రెండు దిశలూ తలకిందులవుతాయి కదా, అందుకని ఎ పక్కనుంచి వైని గానీ జెడ్‌ని గానీ దాటిస్తే ఘాతం గుర్తు మారుతుంది. బిని దాటితే ఎక్స్, జెడ్ మారతాయి. మొత్తం లెక్కకు ఈ రూలే ఆధారం.

ఇరవై ఒకటిని ఇరవై ఒకటితో గుణిస్తే 441 పదాలు. 1 + 1 అంటే 0 కాబట్టి ఒకేలాంటివి జతలు జతలుగా కొట్టేసుకుపోవాలి, చివరికి ఒక్క 1 మిగలాలి. పాత ఆన్సర్ షీట్ల వెనకవైపు నాలుగు గళ్ళు గీసి రాయడం మొదలుపెట్టాను. ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఎర్ర స్కెచ్ పెన్ పట్టుకుని జతలు కొట్టేసే పని తీసుకుంది. మొదటి రాత్రి అయ్యేసరికి 1 కాక ఇంకో రెండు పదాలు జత లేకుండా మిగిలాయి. గార్డమ్ పేపర్‌లో తప్పు పట్టేశానని పది నిమిషాలు ఉప్పొంగిపోయాను, ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. "రెండే మిగిలాయంటే ఒకదాన్ని తప్పు చోట రాసుంటావు నాన్నా, దాని జత కూడా ఒంటరైపోయింది" అంది పిల్ల. నిజమే. ఒకచోట ఎని దాటించేటప్పుడు వై గుర్తు మార్చాను, జెడ్ గుర్తు మార్చడం మర్చిపోయాను.

అసలు ఆయన దాన్ని ఎలా పట్టుకున్నాడనేది ఇంకా ఆసక్తికరం. గుణకాలు 0 లేదా 1 అయినప్పుడు ప్రతి పదం గురించీ "ఉందా, లేదా" అన్న ప్రశ్న ఒక్కటే ఉంటుంది. అలాంటి అవును-కాదు షరతుల చిక్కుముడులు విప్పడానికి కంప్యూటర్ సైన్స్ వాళ్ళ దగ్గర శాట్ సాల్వర్లనే ప్రోగ్రాములున్నాయి. గార్డమ్ ప్రశ్నను ఆ రూపంలోకి దించి వాటికి అప్పగించాడు. అలాగని గుడ్డిగా వెతికించలేదు. ఏ గ్రూప్‌లో వెతకాలన్నది మనిషి తెలివి. ఈ గ్రూప్‌లో "కొసన ఒకటి మిగులుతుంది" అన్న వాదన పనిచేయదని ప్రామిస్లో 1988లోనే చూపించాడు. గార్డమ్ తర్వాత అలన్ మరే మిగతా ప్రధాన సంఖ్యల క్యారెక్టరిస్టిక్‌లకూ (ఫీల్డ్‌లో 1ని ఎన్నిసార్లు కూడితే 0 వస్తుందో ఆ సంఖ్య) ఉదాహరణలు ఇచ్చాడు. 2023 డిసెంబర్‌లో గార్డమే సంకీర్ణ సంఖ్యల గుణకాలతో కూడా చూపించాడు. అయినా ఈ గ్రూప్ రింగ్‌లో రెండో ప్రశ్న నిజమేనని ముందే తెలుసు. కాబట్టి మూడోది పడిపోయినా మొదటి రెండూ అలాగే నిలబడి ఉన్నాయి.

ఇక ఏది మంచిదని అడిగారు. దానికి ముందు ఇంకో ఉదాహరణ చూడండి. ఇక్కడ ఎ, బి పైన చెప్పిన స్క్రూలు కావు, ఏవైనా రెండు. ఎబి గుణిస్తే ఐడెంటిటీ వస్తే, బిఎ కూడా ఐడెంటిటీ అవుతుందా? మాట్రిక్సుల్లో అవుతుంది. అనంత డైమెన్షన్లలో కాదు, షిఫ్ట్ ఆపరేటర్ (అనంత వరుసలో అన్నిటినీ ఒక స్థానం జరిపేది) మీరు చదివే ఉంటారు. గ్రూప్ రింగుల్లో సంకీర్ణ గుణకాలైతే ఏ గ్రూప్‌కైనా అవుతుందని కప్లాన్‌స్కీ రుజువు చేశాడు, ఆపరేటర్ల ట్రేస్ వాడి. ప్రశ్న పక్కా ఆల్జీబ్రా, రుజువు అనాలిసిస్. గుణకాలు క్యారెక్టరిస్టిక్ పి ఫీల్డ్ నుంచి తీసుకుంటే ఆ ట్రేస్ చేతికి రాదు. సోఫిక్ గ్రూపులనే (పరిమిత సమితుల అమరికల మార్పులతో ఉజ్జాయింపుగా చూపగలిగినవి) ఒక పెద్ద వర్గానికి ఎలెక్, సాబో 2004లో రుజువు చేశారు. సోఫిక్ కాని గ్రూప్ అసలు ఉందా అంటే, అదొక వేరే పెద్ద ప్రశ్న. ఇది చదివాక "ఆల్జీబ్రానా, అనాలిసిస్సా" అన్న ప్రశ్నకు నేనైతే జవాబు చెప్పలేను.

పైగా పెద్ద ప్రశ్నలను ఈ మధ్య బయటివాళ్ళు వచ్చి తేలుస్తున్నారు. కాడిసన్, సింగర్ 1959లో ఆపరేటర్ ఆల్జీబ్రాల గురించి అడిగిన ప్రశ్నను 2013లో మార్కస్, స్పీల్‌మన్, నిఖిల్ శ్రీవాస్తవ పరిష్కరించారు. వాడింది బహుపదుల మూలాల కిటుకులు. అనంత ఆపరేటర్ ఆల్జీబ్రాలను మాట్రిక్సులతో ఉజ్జాయింపుగా చూపగలమా అని అలైన్ కాన్ 1976లో అడిగిన ఎంబెడింగ్ ప్రశ్నకు 2020లో "కాదు" అని జవాబొచ్చింది, క్వాంటమ్ కంప్యూటింగ్ సిద్ధాంతం నుంచి. కాబట్టి నా మాట వింటే కొంచెం ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో దాన్ని చిన్నచూపు చూసే అలవాటు మా రోజుల్లో ఉండేది, అది నాకు చేటే చేసింది.

చదువు సంగతికొస్తే మన దేశంలోనూ ఈ పనికి వేళ్ళున్నాయి. గ్రూప్ రింగుల మీద చండీగఢ్‌లో ఐ.బి.ఎస్. పాసీ ఏళ్ళ తరబడి పనిచేశారు. ఎస్. కుమరేశన్ 1993లో మొదలుపెట్టిన ఎంటీటీఎస్ అనే గణిత విద్యార్థుల వేసవి శిక్షణకు మీకు అర్హత ఉందేమో చూసుకోండి. గైడ్ దగ్గరికి వెళ్ళినప్పుడు "ఆల్జీబ్రా చేస్తాను" అనకండి, "ఈ ప్రశ్న చూశాను, ఇక్కడిదాకా అర్థమైంది" అనండి. నేను ఆ ఇంటర్వ్యూలో చేయలేకపోయింది అదే.

గార్డమ్ పేపర్ ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. గ్రూప్ డెఫినిషన్, రింగ్ డెఫినిషన్ తెలిస్తే చాలు, సరిచూడటానికి ఇంకేం అక్కర్లేదు. రెండు సాయంత్రాలు పడుతుంది. చివర్లో జత లేకుండా ఏవైనా మిగిలితే ముందు జెడ్ గుర్తులు చూసుకోండి.