హిప్నాసిస్‌తో బరువు తగ్గొచ్చా? ఒక్కొక్కరి స్వభావాన్ని బట్టి పద్ధతి మార్చాలా?

మీరు అడిగినవి రెండు. హిప్నాసిస్‌తో నిజంగా బరువు తగ్గుతారా? తగ్గేట్టయితే మీలాంటి ఇంట్రోవర్ట్‌కి ఏ పద్ధతి కుదురుతుంది? యూట్యూబ్‌లో దొరికిన ఆడియో నెల్లాళ్ళు విన్నా ఏ మార్పూ లేదని కూడా రాశారు. అందుకని రెండో ప్రశ్నకే ఎక్కువ చోటిస్తాను.

మొదటిదానికి నా జవాబు: హిప్నాసిస్ కొవ్వును కరిగించదు. తిండి, నడక, నిద్ర మార్చుకునే ప్రయత్నానికి దాన్ని జోడిస్తే ఆ అలవాట్లు నిలబడటానికి సాయం చేస్తుంది. 1995లో మనస్తత్వ పరిశోధకుడు కిర్ష్, ఆయన సహచరులు అప్పటిదాకా వచ్చిన కొన్ని అధ్యయనాలు కలిపి లెక్కగట్టి, ప్రవర్తనా చికిత్సకు, అంటే ఆలోచనలు, అలవాట్లు మార్చే చికిత్సకు, హిప్నాసిస్ తోడైతే బరువు బాగా తగ్గుతుందన్నారు. మరుసటి ఏడాదే ఆలిసన్, ఫెయిత్ అనే పరిశోధకులు అవే లెక్కలు తిరిగి వేసి, లాభం ఉన్నా అది చాలా చిన్నదని చూపించారు. కాబట్టి నెలకు పది కిలోలు గ్యారంటీ అనేవాళ్ళ దగ్గర డబ్బు కట్టకండి.

ఇక స్వభావం సంగతి. ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్ అన్న తేడాకీ హిప్నాసిస్ ఎంత బాగా పట్టుకుంటుందన్నదానికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదు. చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి: సూచన, అంటే హిప్నాసిస్‌లో మనసుకు చెప్పే మాట, మీ మీద ఎంత పని చేస్తుంది, మీరు అతిగా తినేది ఏ వేళ, ఎందుకు.

సూచన ఎంత పని చేస్తుందో కొలవడానికి స్టాన్‌ఫర్డ్ స్కేలు ఉంది. 1962లో వచ్చిన దాని సి ఫారంలో 12 అంశాలుంటాయి. చెయ్యి బరువెక్కి కిందికి దిగుతోందనడం, చెవి దగ్గర దోమ తిరుగుతోందనడం అందులోవే. చాలామంది మధ్యలో ఉంటారు. బాగా పైన, బాగా కింద ఉండేవాళ్ళు తక్కువ. ఇంట్లో చూసుకోవాలంటే కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపి, ఒక చేతికి నీళ్ళ బకెట్ వేలాడుతోందని రెండు నిమిషాలు ఊహించుకోండి. కళ్ళు తెరిచేసరికి ఆ చెయ్యి జానెడు దిగి ఉంటే ఊహతో నడిచే సూచనలు మీకు బాగా పని చేసే అవకాశం ఉంది. కదలకపోయినా దిగులు పడక్కర్లేదు. మీకు ఊహాచిత్రాల కంటే మాటలు, పనులు ఎక్కువ ఉపయోగపడతాయి.

తినే తీరు తెలుసుకోవడానికి స్టంకార్డ్, మెస్సిక్ అనే పరిశోధకులు 1985లో తెచ్చిన ప్రశ్నావళి ఇప్పటికీ పనికొస్తుంది. కట్టడి, పట్టు తప్పడం (తినడం మొదలుపెడితే ఆపుకోలేకపోవడం), ఆకలి అని మూడు కొలతలు. నా ఉద్దేశంలో హిప్నాసిస్‌తో ఎక్కువ మేలు పొందేది రెండోదాంట్లో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళు. 2022లో వచ్చిన ఫ్రెంచ్ పరీక్ష హిప్నోడైట్‌లో అలాంటివాళ్ళనే ఎంచుకుని, ఆహార సలహాతోపాటు స్వీయ హిప్నాసిస్ నేర్పారు. పట్టు తప్పే గుణం స్పష్టంగా తగ్గింది, బరువులో తేడా మాత్రం కొద్దిగానే ఉంది.

పగలంతా కట్టడిగా ఉండి రాత్రికి తెగించేవాళ్ళ విషయం ముందు చెప్పాలి. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం గుప్పెడన్నం, రాత్రి పదింటికి మిక్చర్ పొట్లం మొత్తం. హెర్మన్, మాక్ అనే పరిశోధకులు 1975లో దీన్నే ప్రయోగంలో చూశారు: తిండిని కట్టడి చేసుకునేవాళ్ళకు ముందు మిల్క్‌షేక్ ఇస్తే, తర్వాత ఐస్‌క్రీమ్ తగ్గించకపోగా ఇంకా ఎక్కువ తిన్నారు. ఎలాగూ చెడింది కదా అన్న ఆలోచనే కారణమంటారు. వీళ్ళకి ఇంకా తక్కువ తినాలని సూచన ఇస్తే రాత్రి తిండి పెరుగుతుంది. ముందు సాయంత్రం ఐదింటికి కప్పు శనగ గుగ్గిళ్ళో, పెరుగో ఖాయం చెయ్యాలి. తర్వాత ఒకే ఒక్క సూచన: ఒక ముద్ద ఎక్కువైనా తర్వాతి పూట మామూలుగానే తింటాను.

మనసు బాగోనప్పుడు తినేవాళ్ళకి సూచన తిండి మీద పెట్టకూడదు, తిండికి ముందున్న క్షణం మీద పెట్టాలి. ఆఫీసు నుంచి రాగానే డబ్బాలు వెతికే మనిషికి ఇలా రాసుకోవచ్చు: "చెప్పులు విప్పగానే నా ఊపిరి నెమ్మదిస్తుంది. వంటింటి గడప దగ్గర ఆగుతాను. ఇది ఆకలా, అలసటా అని అడుగుతాను. అలసటైతే ముఖం కడుక్కుని పది నిమిషాలు కూర్చుంటాను. ఆకలైతే కంచంలో పెట్టుకుని తింటాను." చెప్పులు, గడప లాంటి గుర్తులు అందులో ఉండి తీరాలి. 'నేను ప్రశాంతంగా ఉంటాను' అని వదిలేస్తే ఆ మాట ఏ వేళకు గుర్తు రావాలో మనసుకు తెలియదు.

కనబడితే తినేవాళ్ళకి డబ్బా పై అరలోకి మార్చడమే సగం వైద్యం. పెళ్ళి భోజనాల ముందు మాత్రం, బఫే మొత్తం ఒకసారి చుట్టి చూశాకే ప్లేటు తీసుకుంటాను అన్న సూచన బాగా పని చేస్తుంది.

తమ మీద పట్టు ఇంకొకరికి వదలడం ఇష్టం లేనివాళ్ళు ఉంటారు. ప్రతిదీ ఎందుకని అడిగేవాళ్ళు, స్టేజీ షోలు చూసి ఎవరో తమని ఆడిస్తారని భయపడేవాళ్ళు. వాళ్ళకి 'నువ్వు నిద్రలోకి జారుకుంటున్నావు' అన్న ఆజ్ఞలు పడవు. కళ్ళు తెరిచే మొదలుపెట్టి, 'కావాలంటే మూసుకోవచ్చు' అని వదిలేసి, సూచన వాక్యం వాళ్ళతోనే రాయించాలి. మీ ఆడియో విఫలమవడానికి ఇలాంటి ఆజ్ఞలే కారణం కావచ్చు. కుదురుగా కూర్చోలేని వాళ్ళకి వేరే దారి ఉంది. హంగరీకి చెందిన పరిశోధకురాలు ఎవా బాన్యాయి, అమెరికన్ మనస్తత్వవేత్త హిల్గార్డ్‌తో కలిసి 1976లో కదలని సైకిల్ తొక్కిస్తూనే హిప్నాసిస్ చేయవచ్చని చూపించారు. ఇంట్లో ఎక్సర్‌సైజ్ సైకిల్ ఉంటే దాని మీదే చేసుకోండి, రోడ్డు మీద వద్దు.

ఊహాశక్తి బాగా ఉన్నవాళ్ళకి ఒక జాగ్రత్త. సన్నబడిన తమ రూపాన్ని ఊహించుకోమని చాలా ఆడియోలు చెబుతాయి. ఓటింగెన్, వాడెన్ అనే పరిశోధకులు 1991లో బరువు తగ్గే కార్యక్రమంలోని మహిళలను గమనిస్తే, తగ్గగలనన్న నమ్మకం ఉన్నవాళ్ళు ఎక్కువ తగ్గారు, అంతా తేలిగ్గా జరిగిపోయినట్టు పగటికలలు కన్నవాళ్ళు తక్కువ తగ్గారు. అందుకే రూపాన్ని కాదు, అడ్డంకిని ఊహించుకోండి: అత్తయ్యగారు రెండోసారి బొబ్బట్టు వడ్డించబోతున్నారు, మీరు చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతూ "చాలండీ" అంటున్నారు.

ఇంట్లో చేసుకునే తీరు ఇది. భోజనమైన రెండు గంటల తర్వాత, వీపుకు ఆనుకునే కుర్చీలో 12 నుంచి 15 నిమిషాలు. కంటి మట్టానికి కాస్త పైన ఒక చుక్కను నిమిషంసేపు చూసి, కళ్ళు మూసుకోండి. పది నుంచి ఒకటి వరకు, ఊపిరి వదిలినప్పుడల్లా ఒక అంకె. భుజాలు, దవడ వదులు చేయండి. మీ సూచన ఐదుసార్లు నెమ్మదిగా చెప్పుకుని, అందులోని సన్నివేశాన్ని రెండుసార్లు మనసులో నడిపించండి. ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టి కళ్ళు తెరిచి, లేచి నీళ్ళు తాగండి. మొదటి మూడు వారాలు రోజూ చేయాలి, ఒకే సూచనతో.

ఎక్కడ చెడుతుందంటే, పడుకుని వింటే నిద్రపోతారు. 'స్వీటు తినను' అని రాస్తే స్వీటే మనసులో మెదులుతుంది. స్వీటును పురుగుల్లా ఊహించుకోమనే పద్ధతి కొన్ని రోజుల్లో అరిగిపోయి, తిన్నప్పుడు అపరాధభావాన్ని మిగులుస్తుంది, నేనైతే వాడొద్దనే చెబుతాను. గ్రాంథికంలోనో, ఇంగ్లీషులోనో వినడం ఇంకో పొరపాటు. మీరు ఇంట్లో మాట్లాడే యాసలో, మీ గొంతుతోనే ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి.

షుగర్‌కి ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా తిండి తగ్గించకూడదు, షుగర్ పడిపోతుంది. తిని బలవంతంగా వాంతి చేసుకునే అలవాటు, సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక సమస్య), బైపోలార్ (ఉత్సాహం, దిగులు విపరీతంగా మారే జబ్బు) ఉన్నవాళ్ళు ఆడియోలతో సొంతంగా ప్రయత్నించవద్దు. బరువు కారణం తెలియకుండా పెరుగుతుంటే ముందు థైరాయిడ్, ఆడవాళ్ళకి పీసీఓడీ చూపించుకోవాలి. ఎవరి దగ్గరికైనా వెళ్ళేటప్పుడు క్లినికల్ సైకాలజిస్టయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, సైకియాట్రిస్టయితే మెడికల్ కౌన్సిల్ నంబరు.

ఈ మూడు వారాల్లో రోజూ తూకం చూడకండి. వారంలో ఎన్ని రాత్రులు పట్టు తప్పిందో క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. ఆ గుర్తులు తగ్గకపోతే సూచన మార్చండి. రెండోసారి మార్చినా తగ్గకపోతే ఆడియోలు ఆపి నిపుణుల దగ్గరికి వెళ్ళండి. మీరు అతిగా తినేది ఏ వేళో, అప్పుడు ఇంట్లో ఎవరుంటారో ఇక్కడ రాస్తే సూచన వాక్యం కలిసి రాద్దాం.