గోప్యత తప్పా, గుట్టు ఒప్పా?

సందేహం: మా బడిలో వక్తృత్వ పోటీకి ‘ఇంటర్నెట్‌లో ప్రభుత్వ జోక్యం – వ్యక్తిగత గోప్యతా పరిరక్షణ’ అనే అంశం ఇచ్చాం. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు లేచి, ‘గోప్యత అంటే దాచిపెట్టడమే కదా టీచర్, తప్పు చేసినవాళ్లే కదా దాచేది?’ అన్నాడు. నాకు జవాబు తట్టలేదు. ప్రైవసీకి గోప్యత సరైన మాటేనా? పత్రికల్లో ఏకాంతత, రహస్యం అని కూడా రాస్తున్నారు.
– ఒక ఉపాధ్యాయిని, తిరుపతి

సమాధానం: అమ్మా, మీ పిల్లవాడు అడిగింది చాలామంది పెద్దల మనసులో ఉన్నదే. వాడు మొహమాటపడలేదు, అంతే.

గోప్యం అంటే దాచదగినది. అంతకంటే ముందు, కాపాడదగినది. ‘గుప్’ ధాతువుకు రక్షించడమే మొదటి అర్థం. కాపాడాలంటే కొన్నిటిని కప్పిపెట్టాలి కాబట్టి దాచడమనే అర్థం వెనకాల వచ్చి చేరింది. ఈ ధాతువు కూడా ‘గోప’ శబ్దంలోంచి పుట్టిందేనని ఆధునిక భాషావేత్తలు అంటారు. గోవులను కాచేవాడు గోపుడు, అతని పని గోపనం, కాచే ప్రభువు గోప్త. దీనికే కోరికను తెలిపే సన్ ప్రత్యయం చేరితే ‘జుగుప్స’. తన్ను తాను కాచుకోవాలనిపించడం దాని తొలి భావం, అసహ్యం తర్వాతి మాట. ఎవరో కిటికీలోంచి తొంగి చూస్తున్నారని తెలిసినప్పుడు ఒళ్లు జలదరించడంలో ఈ రెండర్థాలూ ఉన్నాయి.

అసలు తమాషా కౌటిల్యుడి దగ్గర ఉంది. అర్థశాస్త్రంలో నాగరకుడి, అంటే నగర పాలనాధికారి, విధులు చెప్పే అధ్యాయంలో ‘గోపుడు’ ఒక ప్రభుత్వోద్యోగి. అతనికి 10 కుటుంబాలో, 20 కుటుంబాలో, 40 కుటుంబాలో అప్పగిస్తారు. ఆ ఇళ్లలోని ఆడవాళ్ల, మగవాళ్ల జాతి, గోత్రం, పేరు, వృత్తి, చివరికి ఆదాయ వ్యయాలు కూడా అతనికి తెలిసి ఉండాలి. సత్రాలు నడిపేవాళ్లు బాటసారులకు చోటిచ్చే ముందు కబురు చేయాలి. ఇంటికి ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో గృహస్థు కూడా చెప్పుకోవాలి. అంటే గోప్యతకు మూలమైన మాటే నిఘా ఉద్యోగికి బిరుదయింది! కాపాడతానన్నవాడే లెక్క రాసుకుంటాడు. నిన్నమొన్నటి దాకా మన రాష్ట్రంలో 50 ఇళ్లకొక వాలంటీరు ఉన్నప్పుడు నాకు ఈ గోపుడే గుర్తొచ్చేవాడు. వాళ్లు ఇంటికొచ్చి పింఛను ఇచ్చిన మాటా నిజమే. ఇక సత్రాల సంగతి తిరుపతివాళ్లకు నేను చెప్పాలా? బస్టాండు దగ్గర ఏ లాడ్జి కౌంటరు చూసినా ఆధార్ జిరాక్సుల దొంతర కనిపిస్తుంది, పై కాగితం మీద టీ గ్లాసు మరక. నంబరులో చివరి 4 అంకెలే కనిపించే మాస్క్డ్ ఆధార్ ఒకటుంది. అది చాలదా అని అడిగి చూడండి.

గూఢచారి, గుహ, గుహ్యం వేరే ధాతువు, ‘గుహ్’. గుప్తానికీ గూఢానికీ చుట్టరికం కలపవద్దు.

మీ అంశంలో ‘జోక్యం’ నాకు నచ్చలేదు. బయటివాడు తలదూరిస్తే జోక్యం. 1969లో ఇంటర్నెట్‌కు ముందు తరమైన ఆర్పానెట్‌ను మొదలుపెట్టింది అమెరికా రక్షణ శాఖ. 1995 ఆగస్టు 15న మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్. ప్రభుత్వం మొదటి నుంచీ ఇంట్లోనే ఉంది. అడగాల్సింది దాని పెత్తనం ఎంతవరకు అని.

ఆ పెత్తనం చిన్నదేమీ కాదు. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద దేశ భద్రత వంటి కారణాలు చూపి మన కంప్యూటర్లో ఏముందో చూడవచ్చు, తాళం వేసిన సమాచారాన్ని విప్పించవచ్చు. 2018 డిసెంబరు 20న కేంద్ర హోంశాఖ 10 సంస్థలకు ఆ అధికారం ఇస్తూ ఉత్తర్వు వెలువరించింది. అనుమతించేది హోం కార్యదర్శి, సమీక్షించేదీ అధికారుల సంఘమే. మధ్యలో జడ్జి లేడు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ప్రైవసీ ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. అయినా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, కొన్ని ప్రభుత్వ సంస్థలను దాని పరిధిలోంచి తప్పించే వీలు కేంద్రం తన చేతిలోనే ఉంచుకుంది. కౌటిల్యుడు చూస్తే పెద్దగా ఆశ్చర్యపోడు.

ఇప్పుడు పిల్లవాడి మాట. ‘వాళ్లు గుట్టుగా సంసారం చేసుకుంటున్నారు’ అంటే తప్పు చేస్తున్నారనా? తమ బాగోగులు వీధిలో పెట్టుకోకుండా మర్యాదగా బతుకుతున్నారని. ‘గుట్టు గల మనిషి’ అన్నది పొగడ్త. గుట్టు రట్టు చేసినవాణ్నే లోకం తిట్టేది. ప్రైవసీకి ఇంత దగ్గరి మాట ఇంట్లో పెట్టుకుని మనం సంస్కృతం గుమ్మంలో నిలబడ్డాం. మీ జిల్లా పొరుగులో చూడండి. పలమనేరు దాటితే కన్నడిగులూ గుట్టే అంటారు, వేలూరు వైపు వెళ్తే బండారం బయటపడిందనడానికి తమిళులు ‘గుట్టు వెళిప్పట్టదు’ అంటారు.

అలాగని ‘గుట్టు హక్కు’ అని హెడ్డింగు పెడితే పాఠకులు నవ్వుతారు, తెలుసు. కాబట్టి చట్టం, కోర్టు, హక్కు అన్నచోట గోప్యత ఉండనివ్వండి. వ్యాకరణ దోషమేమీ లేదు, నలిగిన మాట కూడా. మనిషి గురించి, ఇంటి గురించి మాట్లాడేటప్పుడు గుట్టు అనండి. రహస్యం పనికిరాదు, అది ఒక విషయానికి చెందుతుంది, మనిషికి కాదు. ఏకాంతత అసలే వద్దు. తిరుమలలో ఏకాంత సేవ అంటే ఏమిటో తెలిసిన ఊరివాళ్లు మీరు. ప్రైవసీ కిక్కిరిసిన క్యూలో ఉన్నవాడికీ కావాలి. ‘ప్రైవసీ’ అనే రాస్తామంటే నేను తగాదా పడను, ఆమాటకొస్తే నేనూ పైన మూడుసార్లు రాశాను.

‘గోప్యతా పరిరక్షణ’ మాత్రం భరించలేను. గోప్యతలోనే రక్షణ ఉండగా మళ్లీ పరిరక్షణ ఎందుకు? పిల్లలను ఏమీ అనకండి, అంశం రాసిన పెద్దవాళ్లకు అర మార్కు కోయండి.