సర్జన్ సెలైన్ పెంచమంటే, పీఐసీయూ డాక్టర్ లాసిక్స్ ఇవ్వమంటే నర్సు ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: హన్మకొండలో ఓ ప్రైవేటు ఆసుపత్రి పీఐసీయూ (పిల్లల ఐసీయూ). పేగుకు చిల్లుపడి ఆపరేషన్ అయిన మూడేళ్ల బాబు, బరువు 12 కిలోలు. గుండె వేగం తగ్గట్లేదు. సర్జన్ ఫోన్లో సెలైన్ పెంచమంటున్నారు, పీఐసీయూ డాక్టరేమో ఒళ్లు ఉబ్బింది, లాసిక్స్ (ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే మందు) ఇవ్వమంటున్నారు.

ముందు నీళ్ల లెక్క తీయండి. పిల్లల ఐసీయూల్లో ఇలాంటి గొడవలు చాలావరకు లెక్క ఒకచోట లేకనే వస్తాయి. 12 కిలోల బిడ్డకు మామూలు మెయింటెనెన్స్ (రోజువారీ అవసరానికి ఎక్కించే నీరు) రోజుకు 1100 మి.లీ. వెంటిలేటర్ మీదుంటే అంతకన్నా తక్కువే ఇస్తారు. ఇది పీఐసీయూ వాళ్లు రాస్తారు. రైల్స్ ట్యూబులో (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) పోయినదానికి బదులు ఎక్కించేది సర్జన్ విడిగా రాస్తారు. ఆపరేషన్ థియేటర్లో ఎక్కిందంతా మత్తు డాక్టర్ కాగితం మీదే ఉండిపోతుంది. ఇక మందుల్లో పోయే నీళ్లు ఎవరి లెక్కలోనూ ఉండవు. పారాసెటమాల్ 18 మి.లీ. నాలుగుసార్లు, మెట్రోనిడజోల్ 18 మి.లీ. మూడుసార్లు, ఈ రెండింటికే 126 మి.లీ. అయింది. ఫ్లష్‌లు (లైను కడగడానికి ఎక్కించే సెలైన్), ఇన్ఫ్యూజన్ పంపులు దానికి అదనం. ఎక్కిందాంట్లోంచి బయటికి పోయింది తీసేస్తే మిగిలేది చేరిననాటి బరువులో 10 శాతం దాటిందా చూడండి. ఈ బాబుకైతే 1.2 లీటర్లు. దాటితే ఆక్సిజన్ అందడం కష్టమవుతుంది, వెంటిలేటర్ తీయడం ఆలస్యమవుతుంది.

అట్లాగని సర్జన్ మాట కొట్టిపారేయొద్దు. ఆయన భయం పేగుకు వేసిన కుట్టు లీకవుతుందేమోనని. మూడో రోజు నుంచి గుండె వేగం పెరగడం, జ్వరం, పొట్ట బిగుసుకోవడం, డ్రెయిన్‌లో (పొట్టలోంచి ద్రవం బయటికి తీసే గొట్టం) పచ్చగా రావడం కనిపిస్తే ఒళ్లు ఎంత ఉబ్బినా రక్తనాళాల్లో నీరు తక్కువే ఉండొచ్చు. అప్పుడు లాసిక్స్ ఇస్తే బీపీ పడిపోతుంది. నొప్పి వల్ల కూడా గుండె వేగంగా కొట్టుకుంటుంది, అదీ చూడాలి.

అందుకే ఫోన్ చేసినప్పుడు "బాబు బాగాలేడు సార్" అనకండి. అంకెలు చెప్పండి: గత ఆరు గంటల్లో మూత్రం ఎంత (గంటకు 12 మి.లీ. రావాలి), గోరు నొక్కి వదిలితే ఎన్ని సెకన్లకు ఎర్రబడుతోంది, కాలేయం ఎన్ని సెంటీమీటర్లు తగులుతోంది, లాక్టేట్ (ఒంటికి రక్తం, ఆక్సిజన్ సరిగా అందకపోతే రక్తంలో పెరిగేది) ఎంత, నీళ్ల లెక్క ఎంత. రెండో డాక్టర్ ఏం రాశారో కూడా అదే ఫోన్లో చెప్పి, ఇద్దరినీ ఒకరితో ఒకరు మాట్లాడమనండి. కబురు మీ నోటిమీదుగా పోవద్దు. షాక్, ఊపిరి ఆగడం లాంటిదైతే మాత్రం ఎవరి కోసమూ ఆగొద్దు, పక్కనున్న డ్యూటీ డాక్టర్ వెంటనే మొదలుపెట్టాలి.

నిర్ణయం కేస్ షీట్‌లో ఒకేచోట, గడువుతో రాయించండి: "మధ్యాహ్నం 2 వరకు ఈ రేటు, మూత్రం ఇంతకన్నా తగ్గితే ఫలానా డాక్టర్‌కు ఫోన్." ఎవరు ఎవరిని ఏమన్నారో అందులో ఎక్కించొద్దు.

భూపాలపల్లి నుంచో, ఏటూరునాగారం నుంచో వచ్చిన తల్లిదండ్రులు "గిందరు డాక్టర్లు గిన్ని తీర్ల చెప్తుండ్రు, హైదరాబాద్ తీస్కపోవాల్నా?" అనడుగుతారు. వాళ్ల తప్పేం లేదు. రోజూ ఒకే టైముకు, ఒకే డాక్టర్, వీలైతే సర్జన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. అభిప్రాయం తేడా ఉంటే ఉందనే చెప్పాలి. ఇక్కడ లేని వైద్యం కోసమైతే పంపాల్సిందే. డాక్టర్ల పంచాయితీ తెగట్లేదని మాత్రం వెంటిలేటర్ మీదున్న బిడ్డను దాదాపు 150 కిలోమీటర్లు అంబులెన్సులో తిప్పొద్దు.