సిరోంచ రేవు పెద్ద బజారు ఎందుకు కాలేకపోయింది?
ప్రాణహిత, గోదావరుల మీదుగా సముద్రం దాకా అనుకున్న పడవల దారి సగంలో ఆగిపోయింది, అందుకే ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న సిరోంచ రేవు ఎదగలేదు. విదర్భ పత్తిని నీటి దారిన కోస్తాకు దించాలన్నది ఆర్థర్ కాటన్ ఆలోచన. కానీ దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవల్‌మరి దగ్గర నదికి అడ్డంగా రాతి బండలున్నాయి. నీళ్ళున్నా పడవ దాటదు. పక్కనుంచి కాలువ తవ్వి, లాకులు కట్టాలి. దుమ్ముగూడెం ఆనకట్ట, లాకులు అలా వచ్చినవే. ఈలోగా 1867లో నాగపూర్‌కు రైలొచ్చింది, పత్తి బొంబాయి దారి పట్టింది. సరుకు రైలెక్కాక రేవుకెవరొస్తారు? 1871లో పనులే మానేశారు.

సిరోంచ మొదటినుంచీ అడవిలో మూలనున్న ఊరే అనుకుంటారు చాలామంది, అక్కడి మన తెలుగువాళ్ళతో సహా. అది పొరపాటు. బ్రిటిషువాళ్ళ కాలంలో ఎగువ గోదావరి జిల్లాకు అదే కేంద్రం; 1874లో ఆ జిల్లాను ఎత్తేశాకే చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది.